ముందుచెక్కలో పగులు

అక్టోబర్ 5, 2024, శనివారం
ఆగ్డెన్, యూటా

పక్కింటి పెద్దాయన మధ్యాహ్నం తుపాకి తీసుకొచ్చారు. గరాజ్‌లో నా పనిబల్ల మీద పాత దుప్పటి పరిచేదాకా సంచి విప్పలేదు. లోపల తూటా లేదని తాను చూసుకుని, నాకు చూపించి, ఛాంబర్‌లో వేలు పెట్టి నన్నూ చూడమన్నారు. ఆ తర్వాతే మాటలు.

బ్రౌనింగ్ ఆటో-5. పన్నెండు గేజ్, లైట్ ట్వెల్వ్ రకం. ఆయన తండ్రి 1950ల్లో కొన్నది. గొట్టం మీద 'మేడ్ ఇన్ బెల్జియం' అన్న అక్షరాలు, లియేజ్ పరీక్షశాల కొట్టిన చిన్న చిన్న ముద్రలు ఉన్నాయి. యంత్రమంతా ఇమిడి ఉండే ఉక్కు పెట్టె, అంటే రిసీవర్, వెనకభాగం గూనిలా లేచి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ ఆకారాన్ని బట్టి ఈ తుపాకిని ఎంత దూరం నుంచయినా పోల్చుకోవచ్చు.

పగులు ముందుచెక్కలో ఉంది. గొట్టం కింద ఎడమచెయ్యి వేసి పట్టుకునే చెక్క అది, ఇక్కడ ఫోరెండ్ అంటారు. అక్రోటు కర్ర. పైన గొట్టానికి, కింద మ్యాగజైన్ గొట్టానికి, దాని చుట్టూ ఉండే స్ప్రింగ్‌కి చోటు ఇవ్వాలి కాబట్టి లోపలంతా తొలిచేసి ఉంటుంది. రెండు పక్కలా మిగిలేది పల్చటి గోడ. ఎడమ గోడలో, రిసీవర్‌ని తాకే అంచు దగ్గర మొదలై ముందుకు మూడంగుళాల దాకా వెంట్రుకవాసి గీత కనిపిస్తోంది. దాని కొస పట్టు కోసం చెక్కిన గళ్ళలోకి దూరింది.

కంటికి కనిపించిన చోటే పగులు ఆగిందనుకోకూడదు. గుడ్డని నాఫ్తాలో తడిపి తుడిచాను. నాఫ్తా పాత వార్నిష్‌ని ఏమీ చెయ్యదు. పైభాగం క్షణాల్లో ఆరిపోతుంది, పగుల్లో దిగిన తడి మాత్రం ఇంకాసేపు నల్లగా నిలుస్తుంది. ఆ నల్లగీత గళ్ళ మధ్యలోంచి మరో అర అంగుళం ముందుకు సాగింది. గోడని వేళ్ళతో మెల్లిగా బయటికి నెడితే నోరు తెరుచుకుంది, వదిలితే మూసుకుంది. లోపల టార్చి వేసి చూస్తే అటువైపూ అదే గీత. పగిలింది వార్నిష్ ఒక్కటే కాదు, గోడ మందమంతా ఇటు నుంచి అటుకి చీలింది.

వెనక అంచు నల్లగా, తడిసినట్టు ఉంది. అది నూనె. బీరువాలో తుపాకిని గొట్టం పైకి పెట్టి ఏళ్ళ తరబడి నిలబెడితే పూసిన నూనె అంతా మెల్లిగా కిందికి జారి చెక్క తాగేస్తుంది. తాగిన చోట చెక్క మెత్తబడుతుంది, పైగా ఏ జిగురూ పట్టదు.

నేను పాత కుర్చీలు బాగుచెయ్యడం చూసే ఆయన నా దగ్గరికి వచ్చారు. తుపాకుల దుకాణంలో కొత్త చెక్క వేసుకోమన్నారట. ఆయనకది ఇష్టం లేదు. ముందు కారణం తెలియాలి, రేపు మళ్ళీ తుపాకి పట్టుకుని రండి అన్నాను. ముందుచెక్క మాత్రం నా దగ్గరే ఉంచారు. ఈ దేశపు చట్టం ప్రకారం తుపాకి అంటే రిసీవరే. ముందుచెక్క ఒక్కటీ ఎవరి బల్ల మీద ఉన్నా ఇబ్బంది లేదు.

అక్టోబర్ 6, ఆదివారం

కారణం దొరికింది. ఒకటి కాదు, నాలుగు.

ఈ తుపాకి పనిచేసే తీరు తెలిస్తే తప్ప చెక్క మీద పడే దెబ్బ అర్థం కాదు. తూటా పేలగానే గొట్టమూ దాని వెనక మూసుకున్న బోల్టూ ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి పోతాయి, తూటా పొడవుకన్నా కాస్త ఎక్కువ దూరం. అక్కడ బోల్ట్ ఆగుతుంది. గొట్టం ఒక్కటే ముందుకు తిరిగొస్తుంటే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది. తర్వాత బోల్ట్ కొత్త తూటాని తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. అంత బరువున్న గొట్టం ప్రతిసారీ ముందుచెక్క కడుపులో వెనక్కీ ముందుకీ పరుగెడుతుందన్నమాట. దాన్ని పట్టి ఆపడానికి మ్యాగజైన్ గొట్టం చుట్టూ పెద్ద స్ప్రింగ్ ఉంటుంది, దాని ముందు చీలిక ఉన్న కంచు బ్రేకు, దానితో పాటు ఒక ఉక్కు రింగు. రింగు లోపలి అంచు ఏటవాలుగా ఉంటుంది.

కిటుకంతా ఆ రింగులో ఉంది. బరువు తూటాలు వాడేటప్పుడు రింగు స్ప్రింగ్‌కి ముందు, కంచు బ్రేకుని ఆనుకుని ఉండాలి. వెనక నుంచి రింగు వాలు, ముందు నుంచి గొట్టం కింది కడియం వాలు కలిసి కంచుని నొక్కితే అది మ్యాగజైన్ గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది, వేగం తగ్గుతుంది. తేలిక తూటాలు వాడేటప్పుడు ఆ రింగుని తీసి స్ప్రింగ్ వెనక్కి, రిసీవర్ దగ్గరికి పంపెయ్యాలి. అక్కడ దానికి పని ఉండదు. పట్టు తగ్గుతుంది, తేలిక తూటా కూడా గొట్టాన్ని పూర్తిగా వెనక్కి నెట్టగలుగుతుంది.

పెద్దాయన మ్యాగజైన్ గొట్టం కొసనున్న మూత విప్పి, గొట్టం లాగి చూపించారు. రింగు రిసీవర్ దగ్గర ఉంది. మనవడు గాల్లోకి విసిరే మట్టి పళ్ళాలు కొట్టడానికి తేలిక తూటాల కోసం సరిగ్గానే మార్చాడు. తర్వాత ఎవరూ ముందుకి మార్చలేదు. పోయిన ఏడు ఫెజంట్ పక్షుల వేటకి బరువు తూటాలతో అలాగే వాడారు. రెండోది, మ్యాగజైన్ గొట్టం నూనెలో ఓలలాడుతోంది. రాపిడితో ఆపాల్సిన చోట అంత నూనె ఉంటే బ్రేకు జారిపోతుంది. పల్చగా పూసి తుడిచేస్తే చాలు. మూడోది స్ప్రింగ్. ఎన్నో ఏళ్ళుగా నలిగి పొట్టిదైపోయింది, కొత్తది తెప్పిస్తానన్నారు. రిసీవర్ లోపల వెనక గోడకి దెబ్బ తగలకుండా ఫైబర్ ముక్క ఒకటి ఉంటుంది, దాన్నీ తుపాకులు బాగుచేసే వాళ్ళకి చూపించమన్నాను. అది చెక్కపని చేసే నేను తేల్చాల్సింది కాదు.

నాలుగోది నా శాఖ. ముందుచెక్క తొడిగి మూత బిగించి, ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమంటోంది. బిగించాక కూడా సందు ఉంది.

ఈ యంత్రాన్ని ఊహించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1855లో. తండ్రి జోనథన్‌దీ తుపాకుల పనే, ఆ కొట్లోనే పెరిగాడు. ఈ తుపాకికి 1900లో పేటెంట్ తీసుకున్నాడు. అన్నేళ్ళు తన తుపాకులు తయారుచేసిన విన్‌చెస్టర్ కంపెనీ దీనికి రాయల్టీ ఇవ్వనంది. 1902 జనవరిలో రెమింగ్టన్ అధ్యక్షుడు మార్సెల్లస్ హార్ట్‌లీని కలుద్దామని వెళ్ళి బయట గదిలో ఎదురుచూస్తుండగానే హార్ట్‌లీ గుండె ఆగి చనిపోయాడు. చివరికి ఓడెక్కి బెల్జియం వెళ్ళి ఎఫ్‌ఎన్ కంపెనీకి ఇచ్చాడు. ఆ తర్వాత రెమింగ్టన్ కూడా లైసెన్సు తీసుకుని తయారుచేసింది. 1970ల మధ్యలో పని జపాన్‌లోని మిరోకుకి మారింది, 1990ల చివరిదాకా సాగింది. బ్రౌనింగ్ 1926లో లియేజ్ దగ్గర, ఫ్యాక్టరీలో పనిలో ఉండగానే పోయాడు. ఇక్కడ యూనియన్ స్టేషన్ మ్యూజియంలో ఆయన చేత్తో చేసిన నమూనాలు చూశాను. ఒక్కటీ అలంకారం కోసం చేసింది కాదు. ఇన్ని దశాబ్దాలు మనుషులు నమ్మి భుజానికెత్తుకున్న యంత్రం ఒక రింగు చోటు మారినందుకు తన చెక్కనే తాను పగలగొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేను.

అక్టోబర్ 7, సోమవారం రాత్రి

నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్నే, అప్పుడే కాఫీ తాగి అరుగు మీద కూర్చున్నారు. రాజమండ్రి దగ్గర మా ఊళ్ళో నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి. తుపాకిని ఆయన దూరం నుంచే చూశారు. మా వైపు లైసెన్సు తుపాకి ఒకరిద్దరు పెద్ద రైతుల ఇళ్ళల్లోనే ఉండేది, ఎన్నికలొస్తే అదీ పోలీసు స్టేషన్లో అప్పగించేవారు.

ముందుచెక్కని కెమెరా ముందు తిప్పితే మొదటి మాట, "నార ఏ దిక్కున పోతోందమ్మా?" అన్నారు.

దగ్గరగా చూపించాను. ఎడమ గోడలో నార నేరుగా ముందుకు పోకుండా కాస్త పైకి, గొట్టం వైపుకి ఏటవాలుగా లేస్తోంది. పగులు అచ్చంగా దాని వెంటే నడిచింది. ఇంకొంచెం వాడి ఉంటే పై అంచుకి చేరి ముక్క ఊడి చేతికొచ్చేది.

బిగించినా సందు ఉందని చెప్పాను. యూటా గాలి పొడి కదా, చెక్క ఎండి కుంగిందేమో అన్నాను.

"చెక్క అడ్డంగా ఎండుతుందమ్మా. పొడుగులో ఎండి తగ్గేది లెక్కలోకి రాదు. పొడుగు తగ్గిందంటే దాన్ని ఏదో కొడుతున్నట్టే. చివర్లు చూడు."

చివర్లు చూశాను. వెనక అంచులో ఎడమవైపు అద్దంలా మెరుస్తున్న నొక్కు ఉంది, కుడివైపు పాత గరుకే ఉంది. అంటే రిసీవర్‌కి ఈ చెక్క ఒక్క పక్కే ఆనుతోంది. దెబ్బంతా ఆ పల్చటి ఎడమ గోడ ఒక్కటే మోసింది. నూనె తాగి మెత్తబడ్డ నార నలిగింది, నలిగినకొద్దీ సందు పెరిగింది, సందు పెరిగినకొద్దీ దెబ్బ పెరిగింది. ఆయన అక్కడెక్కడో కూర్చుని రెండు మాటల్లో తేల్చేశారు.

కొత్త చెక్క సంగతి కూడా ఆలోచించాను. సగం తొలిచిన అక్రోటు దిమ్మలు అమ్ముతారు. కానీ భుజానికి ఆనే మడమ చెక్క రంగుకి, పాత గళ్ళ సన్నదనానికి అది కలవదు. పైగా రింగు, స్ప్రింగ్, ఆనుడు సరిచెయ్యకుండా కొత్తది తొడిగితే అదీ పగులుతుంది. అవి సరిచేస్తే పాతదాన్ని తీసెయ్యడానికి కారణమే లేదు. పాతదే ఉంచుతున్నాను.

అక్టోబర్ 9, బుధవారం

నూనె లాగే పని. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, హీటర్ ఆపి కూర్చున్నాను. అసిటోన్ ఆవిరికి నిప్పురవ్వ చాలు.

అసిటోన్ పాత వార్నిష్‌ని కరిగిస్తుంది కాబట్టి పైభాగానికి టేపు వేసి, లోపలివైపు నుంచే కుంచెతో పగుల్లోకి పోశాను. గుడ్డ మీదికి గోధుమరంగు దిగింది. తర్వాత సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి వెనక అంచుకీ లోపలి గోడకీ మందంగా పట్టించాను. అసిటోన్ ఎగిరిపోతూ నూనెని పైకి లాగుతుంది, సుద్ద దాన్ని పీల్చుకుంటుంది. తెల్లగా పూసింది గంటలో పసుపు తిరిగింది, తర్వాత బెల్లం రంగు. గీకేసి మళ్ళీ పూత. సుద్ద తెల్లగా ఆరేదాకా చెయ్యడమే, ఇందులో తొందరకి చోటు లేదు. ఈ పని సగంలో ఆపి అతికిస్తే జిగురు నూనె మీద తేలుతుంది, మొదటి దెబ్బకే వదిలేస్తుంది. పాత తుపాకుల్లో రెండోసారి పగిలిన అతుకులు ఎక్కువగా ఇలాంటివే అని నా నమ్మకం.

1960ల చివర్లో బ్రౌనింగ్ తుపాకులకి ఉప్పుతో ఆరబెట్టిన అక్రోటు కొంత వచ్చింది. ఆ ఉప్పు చెమ్మని లాగి చెక్క కింది ఉక్కుని తుప్పుతో తినేసేది. అనుమానముంటే పూత లేని చెక్క మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తారు, తెల్లబడితే ఉప్పు ఉన్నట్టే. ఇది అంతకు ముందుది, చెక్క కింద తుప్పు జాడ కూడా లేదు. ఆ పరీక్ష అవసరం పడలేదు.

అక్టోబర్ 11, శుక్రవారం

అతికించాను.

సన్నని పగుళ్ళకి నీళ్ళలా ఉండే సూపర్ గ్లూ వాడేవాళ్ళున్నారు. చివరిదాకా పాకుతుంది, నిజమే. కానీ అది పెళుసు. ప్రతి తూటాకీ అదిరే చెక్కకి నేను వాడను. నాన్న కాచే వజ్రం జిగురు బల్లలకీ తలుపులకీ బాగా నిలుస్తుంది గానీ చెమ్మా నూనే తగిలే ఈ చోట నిలవదు. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ తీసుకున్నాను. ఐదు నిమిషాల్లో బిగిసే రకం పగులు లోతుకి దిగకముందే చిక్కబడుతుంది.

ముందు గళ్ళలో మెత్తటి మైనం కూరి, చుట్టూ మైనం రుద్దాను. గళ్ళలో ఎపాక్సీ గట్టిపడితే తియ్యడానికి రోజులు పడుతుంది. చెక్కని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేశాను. వెచ్చని చెక్కలో ఎపాక్సీ పల్చబడి పారుతుంది, చల్లారేటప్పుడు లోపలి గాలి ముడుచుకుని దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది. గోధుమ రంగుపొడి చిటికెడు కలిపి, పగులు నోరు పైకి వచ్చేలా పెట్టి, గోడని తెరుస్తూ మూస్తూ పోశాను. అవతలివైపు సన్నని చుక్కలు వరసగా కనిపించేదాకా ఆపలేదు. పగులు కొసలో కూడా చుక్క కనిపించింది.

బిగించడానికి ఇనుప క్లాంపులు పనికిరావు. పల్చటి గోడలు లోపలికి వంగి అలాగే అతుక్కుపోతే తర్వాత గొట్టం పట్టదు. లోపల మ్యాగజైన్ గొట్టం మందాన గుండ్రటి కర్ర, మీద గొట్టం స్థానంలో ఇంకొకటి పెట్టి మైనపు కాగితం చుట్టాను. పైన సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి సాగదీస్తూ చుట్టాను. అన్ని దిక్కులా ఒకే బిగువు. పొంగిన ఎపాక్సీని వెనిగర్ గుడ్డతో తుడిచాను.

అక్టోబర్ 12, శనివారం

విజయదశమి. మా ఇంట్లో ఈ రోజు ఉలి పట్టరు. పొద్దున ఉలులు, చిత్రిక, రంపాలు కడిగి బల్ల మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టాను. ట్యూబు చుట్టిన ముందుచెక్క కూడా ఆ వరసలోనే ఉంది. ఎపాక్సీకి ఎలాగూ ఈ రోజంతా కావాలి, రాత్రుళ్ళు గరాజ్ చల్లబడుతోంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే.

పెద్దాయనకి పులిహోర తీసుకెళితే కొత్త స్ప్రింగ్ చూపించారు. పక్కన పెడితే పాతది బొటనవేలంత పొట్టి. పనిముట్లకి ఎందుకు బొట్టు పెట్టానని అడిగారు. మా నాన్న సంచిలోని ఉలి మా ఇంటికి అన్నం పెట్టిందని చెప్పాను. ఆయన లేచి బీరువా తెరిచి, తన తండ్రి వాడిన శుభ్రం చేసే కడ్డీ తీసి చూపించారు.

అక్టోబర్ 13, ఆదివారం

పట్టీలు విప్పాను. గోడని నెడితే పగులు నోరు తెరవలేదు.

అయినా అంతటితో వదలను. నార ఏటవాలు మారదు, అక్కడ బలహీనత అలాగే ఉంటుంది. లోపలి గోడని గీకే రేకుతో కాగితం మందాన తగ్గించి, పల్చటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ ముక్కని పగులుకి అడ్డంగా పరిచి ఎపాక్సీ తాగించాను. చెక్క నార పొడుగునే బలం ఇస్తుంది, గుడ్డపోగులు అడ్డంగా పట్టుకుంటాయి. కొందరు అడ్డంగా ఇత్తడి మేకు దింపుతారు. ఇంత పల్చటి గోడలో మేకుకి తొలిచే రంధ్రమే కొత్త పగులుకి దారి చూపిస్తుంది. అందుకే ఆ జోలికి పోలేదు.

అక్టోబర్ 16, బుధవారం

ఆనుడు సరిచెయ్యడం ఈ మొత్తం పనికి గుండెకాయ. పెద్దాయన తుపాకితో వచ్చి సాయంత్రమంతా పక్కనే కూర్చున్నారు.

రిసీవర్ ముందు అంచుకి కాటుక పల్చగా రాశాను. తుపాకుల వడ్రంగులు పూర్వం దీపం మసి వాడేవారు, కాటుకా ఆ జాతిదే. ముందుచెక్క తొడిగి, మూత బిగించి, విప్పి చూస్తే ఎడమవైపు మాత్రమే నల్లమచ్చ, కుడివైపు శుభ్రం. అనుకున్నదే. నలిగిన మెత్తటి నారని పదునైన ఉలితో గట్టి చెక్క తగిలేదాకా కొద్దిగా తీశాను. రిసీవర్‌కి మైనం పట్టించి, చెక్క అంచుకి చిక్కటి ఎపాక్సీ పెట్టి, సందు పూర్తిగా పూడేటట్టు తొడిగి, మూత చేతి బిగువు వరకే బిగించాం.

అక్టోబర్ 17, గురువారం

విప్పి మళ్ళీ కాటుక. ఈసారి రెండు పక్కలా ఒకే మచ్చ పడింది. ఊపితే చప్పుడు లేదు. స్ప్రింగ్‌కి కూడా కాటుక రాసి, గొట్టాన్ని చేత్తో వెనక్కి పూర్తిగా నొక్కి వదిలాం. లోపలి గుడ్డ అతుకుకి ఎక్కడా మచ్చ అంటలేదు. గొట్టం కదులుతున్నంతసేపూ ముందుచెక్క ఉన్నచోటే నిలబడింది. దీని కోసమే ఇన్నాళ్ళ పని.

అక్టోబర్ 20, ఆదివారం

పైపూత. గళ్ళలోని మైనం పళ్ళు తోమే బ్రష్‌తో తీసి, గీత దాటిన రెండు మూడు గళ్ళని సన్నని పళ్ళ పనిముట్టుతో తిరిగి తీర్చాను. పగులు చోట మాత్రం సన్న ఉప్పుకాగితం తాకించి, వేలితో పల్చటి నూనెవార్నిష్ పూత మీద పూత. తుపాకి మొత్తానికి కొత్త మెరుపు తేవడం నాకు తప్పనిపిస్తుంది. ఆయన తండ్రి చెయ్యి అరగదీసిన చోటు అరిగినట్టే ఉండాలి. వెలుగులో వంచి చూస్తే గీత తెలుస్తుంది, తెలియనివ్వండి. వెనక అంచులో పూత లేని చెక్కకి కూడా పూత వేశాను, మళ్ళీ నూనె తాగకుండా.

అక్టోబర్ 26, శనివారం

ఊరి బయట షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. కొత్త స్ప్రింగ్, తుడిచిన మ్యాగజైన్ గొట్టం, స్ప్రింగ్ ముందు రింగు. ఫైబర్ ముక్క కూడా పెద్దాయన మార్పించారు. సీసం గుళ్ళ తూటాలే. ఈ పాత బెల్జియం గొట్టాల్లో ఉక్కు గుళ్ళు వాడొద్దని కంపెనీయే చెబుతుంది. నీటిపక్షుల వేటకి సీసాన్ని 1991 నుంచి దేశమంతా నిషేధించారు కాబట్టి బాతులకి ఆయన వేరే తుపాకి వాడతారు.

ముందు వేట తూటాలు పేల్చారు. భుజానికి దెబ్బ పోయిన ఏటికన్నా మెత్తగా ఉందన్నారు. తర్వాత మనవడు తేలిక తూటాలకి రింగు వెనక్కి మార్చాడు. మార్చిన ప్రతిసారీ పైకి చెప్పి మార్చాలని తాతగారి కొత్త నియమం. నేనూ రెండు పళ్ళాలు కొట్టాను.

అక్కడే మూత విప్పి నాఫ్తా గుడ్డతో తుడిచాను. నల్లగీత నిలవలేదు. వెనక అంచులో కొత్త నొక్కు లేదు. మూత కాస్త వదులైంది, కొత్త అతుకు సర్దుకునేదాకా అది మామూలే, ప్రతి వాడకం తర్వాత చూసుకోమన్నాను.

సర్దుతుంటే మడమ చెక్కలో, రిసీవర్ తోక దిగే చోట వెనక, ఇంకో చిన్న గీత కనిపించింది. దెబ్బ అటూ పోయిందన్నమాట. రింగు సరిగ్గా ఉంటే ఇప్పట్లో పెరగదు. దాని కొసలో పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఫెజంట్ కాలం ముగిశాక గుర్తు దాటిందో లేదో చూసి, డిసెంబర్‌లో దాన్ని పట్టుకుంటాను.